నల్లమలను చూడాలంటే ఏ పద్ధతి మేలు?

వానలు వెనకబడి చలి మొదలైందంటే అచ్చంపేటలో ఉండే మా ఇంటికి ఫోన్లు వస్తాయి. హైదరాబాద్‌లోనో నల్లగొండలోనో ఉన్న చుట్టాలు, అడవి చూడాలని ఉంది, పిల్లలను తీసుకుని ఎట్లా వస్తే బాగుంటుందని అడుగుతారు. వాళ్లు సాధారణంగా మూడు పద్ధతులు చెబుతారు. సొంత కారులో శ్రీశైలం పోతూ దారిలో అడవిలో ఆగడం మొదటిది. బట్టలు, బియ్యం, బిస్కెట్లు పట్టుకుని చెంచుపెంటలకు, అంటే అడవిలో చెంచు గిరిజనులు ఉండే చిన్న ఊళ్లకు, వెళ్లి పంచి రావడం రెండవది. అడవి అంచున ఉన్న మన్ననూరులో అటవీశాఖ ఏర్పాటు చేసిన బసలో ఒక రాత్రి ఉండి వాళ్ల వాహనంలోనే అడవి తిరగడం మూడవది. ఈ మూడింటినీ బరువు చూసేటప్పుడు మనకు కలిగే ఆనందాన్ని ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే చాలదు. మనం తిరిగి వచ్చిన తర్వాత అక్కడ ఏమి మిగులుతుందో, అక్కడివాళ్ల చేతికి ఏమి అందుతుందో కూడా లెక్కలోకి రావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా మనం అడుగుపెట్టేది ఎటువంటి చోటో తెలుసుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్ల మేర నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఇది ఒకప్పుడు భాగం. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్ పేరుతో వేరుపడింది. అందులో అప్పాపూర్, మేడిమల్కల వంటి పెంటల్లో చెంచులు తరతరాలుగా నివసిస్తున్నారు. అంటే మనం విహారానికి పోయే అడవి మరొకరి ఇంటి వాకిలి.

సొంత కారు ప్రయాణంలో సౌకర్యం ఉన్నదన్న మాట నిజమే. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇంటికి అది చిన్న విషయం కాదు. అయితే శ్రీశైలం రహదారి అభయారణ్యం మధ్యగా సాగుతుంది. జంతువులు రోడ్డు దాటే వేళ కనుకనే రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మన్ననూరు దగ్గర వాహనాలను ఆపేస్తారు. పగటిపూట కీడు చేసేది ప్రయాణం కన్నా మధ్యలో ఆగడమే. చెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర తిని, మిగిలినది కోతులకు పెట్టి, నీళ్ల సీసాలు అక్కడే వదిలే అలవాటు వల్ల కోతులు అడవిలో మేత వెతకడం మాని రోడ్డు అంచున కూర్చుంటాయి, వాహనాల కింద పడతాయి. ఉప్పు, నూనె వాసన అంటిన కవర్లను జింకలు నమిలి మింగుతాయి. మాఘం దాటాక ఇది ఆకు రాలిన ఎండు అడవి. ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీముక్క చాలు, మంట కొండ ఎక్కుతుంది. ఆ మంటను ఆర్పడానికి కొమ్మలు పట్టుకుని పరుగెత్తేవాళ్లలో చెంచు యువకులే ఎక్కువ. ఇంత జరిగినా ఈ ప్రయాణికుల వల్ల స్థానికులకు దక్కేది గేటు దగ్గర కట్టే రుసుములో ఏ కొంతో తప్ప ఏమీ ఉండదు, ఎందుకంటే తిండి, నీళ్లు, సామాను అన్నీ ఇంటి నుంచే వస్తాయి.

మనుషుల తాకిడి ఏం చేస్తుందో చూడాలంటే అడవి దాకా కూడా పోనక్కరలేదు. పాలమూరు పిల్లలమర్రి ఉంది కదా. వందల ఏళ్ల ఆ మర్రిచెట్టు కొమ్మ 2017 డిసెంబరులో విరిగిపడింది. సందర్శకులను ఆపేసి, చెదలు తినేస్తున్న మానుకు 2018లో మనిషికి సెలైన్ ఎక్కించినట్టు మందు ఎక్కించాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఆ ఊడలు పట్టుకుని ఊగిన వాళ్లలో నేనూ ఒకణ్ణి కనుక ఆ ఫొటోలు చూసినప్పుడు కలిగిన బాధ ఇంకా పోలేదు.

రెండవ పద్ధతి గురించి ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే దాని వెనక ఉన్నది మంచి మనసు. దాదాపు పదేళ్ల కింద నేను కూడా ఒక బృందంతో ఒక పెంటకు వెళ్లాను. మేము దిగగానే పిల్లలు ఎవరూ చెప్పకుండానే వరుసలో నిలబడ్డారు. ఒక అవ్వ గుడిసె ముందు నుంచి లేచి వచ్చి, "ఫొటో ఎక్కడ దిగాలె బిడ్డా?" అని అడిగింది. ఆ మాటలో కోపం లేదు, అలవాటే ఉంది. మా కంటే ముందు ఎన్ని బృందాలు వచ్చి ఆమెకు ఆ అలవాటు చేసి ఉంటాయో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. మేము తీసుకుపోయిన బట్టల్లో సగం ఆ అడవిలో కట్టుకోవడానికి పనికిరానివి; బిస్కెట్ల కాగితాలు మేము ఉండగానే నేల మీద పరుచుకున్నాయి.

చెంచులను చేయి చాచేవాళ్లుగా చూడడం వాళ్ల నైపుణ్యాన్ని చూడకపోవడమే. కొండచరియకు పట్టిన తేనెకు తాడు మీద దిగేటప్పుడు పైన ఆ తాడును పట్టుకునేది బావమరిది; అక్కచెల్లెలి పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నాయి కనుక అతడు తాడు వదలడని వాళ్ల నమ్మకం. శ్రీశైలం మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చెప్పుకునే ప్రజలు వాళ్లు. అటువంటి వాళ్ల ఇంటికి పిలవకుండా పోయి పాత చీర చేతిలో పెట్టి ఫొటో తీసుకోవడం మర్యాద కాదు. సాయం చేయాలనే కోరిక నిజమైతే, వాళ్లు సేకరించిన తేనెను గిరిజన సహకార సంస్థ దుకాణంలో సరైన ధరకు కొనవచ్చు. లేదా ఏమి అవసరమో ముందుగా మన్ననూరులోని ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. ఈ మూడింటిలో నేను పూర్తిగా వద్దనేది ఈ రెండవదాన్నే.

మూడవ పద్ధతిలో ఖర్చు ఎక్కువ, స్వేచ్ఛ తక్కువ. ముందుగా బుక్ చేసుకోవాలి, చెప్పిన సమయానికి బయలుదేరాలి, పులి కనబడుతుందని ఎవరూ మాట ఇవ్వరు. అయినా హైదరాబాద్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు వచ్చి మన్ననూరులో ఒక రాత్రి ఉంటే, కారు అక్కడే ఆగిపోతుంది, అడవిలోకి పదిమంది ఒకే వాహనంలో పోతారు, దారి చూపే పనిలో చెంచు యువకులకు కూలి దొరుకుతుంది. పాదముద్ర చూసి జంతువును గుర్తుపట్టే మనిషి పక్కన ఉంటే పులి కనబడకపోయినా పిల్లలకు విసుగు పుట్టదు. ఇక్కడ చెంచు మనిషి చెప్పేవాడు, మనం వినేవాళ్లం.

దీనికి కూడా ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాచడం సరికాదు. అభయారణ్యం లోపలి కొన్ని గూడేలను బయటికి తరలించే ప్రయత్నాలు సాగుతున్నాయి. నివసించేవాళ్లను కదలమని అడుగుతూ చూడవచ్చేవాళ్లకు బస కట్టడం న్యాయమేనా అని అడిగేవాళ్లకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వాళ్ల స్వచ్ఛందమైన సమ్మతి లేకుండా తరలింపు కుదరదు. అందుకే ఈ పద్ధతిని నేను సిఫారసు చేసేది అందులో చెంచులకు ఉపాధి ఉన్నంతవరకే. వాళ్లు లేని నల్లమల సఫారీకి నేను ఎవరినీ పంపను.

చైత్ర పౌర్ణమికి ఈ అడవి లోపలి లోయలో శివుడికి జరిగే సలేశ్వరం జాతరను ఈ లెక్కలో కలపలేదు. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ లోయలోకి దిగేది మొక్కు ఉన్న భక్తుడు. అక్కడికి విహారం కోసం పోకపోవడమే మంచిది. భక్తితో పోయేవాళ్లు కూడా తీసుకుపోయిన సీసాను మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి.

శ్రీశైల దర్శనమే గురి అయినవాళ్లకు మాత్రం నా సలహా వేరు: ఆర్టీసీ బస్సెక్కి నేరుగా పోవడం అన్నిటికన్నా మేలు. జులై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ మూసి ఉంటుంది కనుక ఆ నెలల్లో అడవిని వదిలి నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికో, అలంపురం నవబ్రహ్మ ఆలయాలకో రమ్మని చెబుతాను. ఈసారి ఫోన్ చేసిన మా పెద్దమ్మ కొడుకుతో ఇవన్నీ మాట్లాడితే మొదట ఖర్చు దగ్గర తటపటాయించాడు, తర్వాత రెండు కార్ల బదులు బస్సులో వస్తే మిగిలే డబ్బుతో లెక్క సరిపోతుందని తనే తేల్చాడు. పుష్యమాసంలో వస్తున్నారు, పిల్లలకు పంచడానికని కొన్న బిస్కెట్ డబ్బాలను ఇంట్లోనే ఉంచి రమ్మన్నాను.