బకాయిల స్క్రిప్టు కొనేవారికి హెచ్చరిక: డెమో చూసి డబ్బు చెల్లించకండి

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాల బకాయిల లెక్క చూసే పైథాన్ స్క్రిప్టులను (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాములను) రెడీమేడ్‌గా అమ్మేవారు ఉన్నారు. బేగంబజార్‌లోని మా హోల్‌సేల్ దుకాణం కోసం అలాంటి ఒక విక్రేత దగ్గర కొన్న స్క్రిప్టు, ఎప్పుడో డబ్బు కట్టేసిన ఖాతాదారులకు కూడా బాకీ ఉన్నారంటూ మెసేజ్‌లు పంపింది. నమ్మకం మీద అరువు నడిచే బజారులో ఇది ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. మీరు కొనబోయేదానిలోనూ ఇదే లోపం ఉండవచ్చు గనుక వివరంగా రాస్తున్నాను.

బిల్లులన్నింటినీ ఒక లిస్టుగా తీసుకుని, ఫర్ లూప్‌లో ఒక్కొక్కటే చూస్తూ, చెల్లింపు పూర్తయినవాటిని ఇఫ్ షరతుతో పట్టుకుని అదే లిస్టు నుంచి తీసివేయడం ఆ స్క్రిప్టు పని. పైకి తప్పేమీ కనిపించదు. అయితే పైథాన్‌లో ఫర్ లూప్ లిస్టు మీద తిరిగేటప్పుడు స్థానాల లెక్కతో ముందుకు పోతుంది. మధ్యలో ఒకటి తొలగితే వెనకవన్నీ ఒక స్థానం ముందుకు జరుగుతాయి, లూప్ మాత్రం ఆ సంగతి పట్టించుకోకుండా తర్వాతి స్థానానికి వెళ్లిపోతుంది. 101, 102, 104 నంబరు బిల్లులు చెల్లించినవి, 103 బాకీ అనుకోండి. 101 తొలగగానే 102 మొదటి స్థానంలోకి వస్తుంది, లూప్ రెండో స్థానంలోని 103ను చూస్తుంది, ఆపైన 104ను సక్రమంగానే తొలగిస్తుంది. చివరికి 103తో పాటు 102 కూడా బాకీగా మిగులుతుంది. మా అకౌంటెంటు లూప్ లోపల ఒక ప్రింట్ లైను పెట్టి ప్రతి బిల్లు నంబరునూ తెర మీద రాయించినప్పుడు, వరుసగా చెల్లించిన బిల్లుల్లో రెండోదాని నంబరు ఎక్కడా రాలేదు.

డిక్షనరీ (పేరు, విలువ జతలుగా సమాచారం ఉంచే పైథాన్ అమరిక) మీద తిరుగుతూ ఇలాగే తొలగిస్తే పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. లిస్టుకు ఆ రక్షణ లేదు. తిరుగుతున్నదాన్నే మార్చే బదులు దాని నకలు మీద తిరగడమో, కొత్త లిస్టు తయారుచేసుకోవడమో మేలని పైథాన్ అధికారిక ట్యుటోరియల్‌లోనే ఉంది కాబట్టి, డబ్బు తీసుకుని కోడ్ రాసేవారు తెలియదనడానికి వీల్లేదు. విక్రేత చూపిన డెమోలో చెల్లించిన బిల్లులు రెండు ఎక్కడా పక్కపక్కన లేవు. లెక్క సరిగ్గా రావడానికి అదే కారణం.

ఫిర్యాదు చేస్తే మొదట మా ఎక్సెల్ షీటునే తప్పుపట్టారు, తర్వాత అదనపు రుసుము తీసుకుని సవరించిన ప్రతి ఇచ్చారు. దానిలో బకాయిల జాబితా పూర్తిగా ఖాళీగా వచ్చింది. స్థితి ‘పెయిడ్’ అయినా ‘రిసీవ్డ్’ అయినా తొలగించాలన్న షరతులో మొదటి మాటను మాత్రమే స్థితితో పోల్చి, ‘ఆర్’ (లేదా) తర్వాత రెండో మాటను ఒంటరిగా వదిలేశారు. ఖాళీ కాని స్ట్రింగ్ (అక్షరాల వరుస) దేన్నైనా పైథాన్ ‘నిజం’ కిందే లెక్కిస్తుంది గనుక ఆ షరతు ప్రతి బిల్లుకూ నెగ్గుతుంది. నా దృష్టిలో ఈ రెండో లోపమే ఎక్కువ ప్రమాదకరం: తప్పు మెసేజ్ అందినవారు కనీసం ఫోన్ చేసి నిలదీస్తారు, ఖాళీ జాబితా గురించి ఎవరూ ఫోన్ చేయరు, మన డబ్బు మాత్రం బయటే ఉండిపోతుంది.

కొనే ముందు మీ సొంత బిల్లులనే ఇచ్చి, వరుసగా చెల్లించినవీ, అసలు చెల్లించనివీ కలిపి మీ ఎదుటే నడిపించమనండి, వచ్చిన జాబితాను చేతి లెక్కతో సరిచూడండి. సోర్స్ కోడ్ (ప్రోగ్రాము అసలు రాత) ఇవ్వనంటే కొనవద్దు. అది మా చేతిలో ఉండబట్టే లోపం దొరికింది. లెక్క కుదిరే వరకు మెసేజ్‌లు వాటంతట అవే వెళ్లకుండా ఆపి ఉంచండి. వ్యాపార అవసరానికి కొన్నవాటికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం సాధారణంగా వర్తించదు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది, వారు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. మిగిలినవారికి చేతిలో ఉండేది రాతకోతలే గనుక, లోపాలను ఎంతకాలం ఉచితంగా సరిచేస్తారో, చేయకపోతే డబ్బు ఎప్పటిలోగా వాపసు ఇస్తారో బిల్లు మీదే రాయించుకుని సంతకం తీసుకోండి.