మాండరిన్ మాట్లాడే ఆటిజం పిల్లలకు ఏది మేలు: శాలీ–యాన్ ఒక్కటా, ఐదు మెట్ల స్కేలా?

ఎదుటివాళ్ల మనసులో ఏముందో పిల్లలు ఎంతవరకు ఊహించగలరో చూడాలంటే ముందు గుర్తొచ్చేది శాలీ–యాన్ పరీక్ష. శాలీ గోళీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది. యాన్ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. తిరిగొచ్చిన శాలీ ఎక్కడ వెతుకుతుంది? బుట్టలో అనాలి, ఎందుకంటే మార్చిన సంగతి శాలీకి తెలియదు. 1985లో మనస్తత్వ పరిశోధకుడు బారన్-కోహెన్ బృందం ఇలా అడిగితే ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది గోళీ నిజంగా ఉన్నచోటే చూపించారు.

దీన్ని చైనా వాళ్ల మాండరిన్ భాషలోకి తేవడం తేలికే, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది కూడా. కానీ చేతికొచ్చేది పాస్ లేదా ఫెయిల్, అంతే. ఫెయిలైన పిల్లకి ఏం వచ్చో థెరపిస్టుకి తెలియదు. నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి మరి?

వెల్‌మన్, లియు 2004లో తెచ్చిన స్కేలు ఆ లోటు తీరుస్తుంది. ఒక్కొక్కరి ఇష్టం ఒక్కోలా ఉంటుందా, నమ్మకాలు వేరుగా ఉంటాయా, చూడనివాడికి తెలుస్తుందా, తప్పుడు నమ్మకం, లోపల ఒకటి ముఖంలో ఒకటి (దాచిన భావం): ఇవీ మెట్లు. తప్పుడు నమ్మకం మెట్టులో, బ్యాండ్‌ఎయిడ్ డబ్బా తెరిస్తే లోపల బొమ్మ పంది ఉంటుంది. మూత పెట్టేసి, ఇది చూడని పీటర్ ఇందులో ఏముందనుకుంటాడని అడుగుతారు. ఆ డబ్బా పిల్లకి ముందే తెలిసినదై ఉండాలి, లేకపోతే పరీక్షే వృథా.

అయితే ఈ మెట్ల వరుస అమెరికా పిల్లల్లో కనిపించినది, దాన్ని అలాగే దించుకోకూడదు. 2006లో వచ్చిన బీజింగ్ అధ్యయనంలో పిల్లలకు నమ్మకాల తేడా కంటే 'చూడనివాడికి తెలియదు' అన్నదే ముందు వచ్చింది. ఇక ఆటిజం పిల్లల్లో, 2005 నాటి పీటర్సన్ బృందం అధ్యయనం ప్రకారం, తప్పుడు నమ్మకం కంటే దాచిన భావమే సులువైంది. అందుకే తప్పిన మెట్టు దగ్గరే ఆపేయకుండా ఐదూ అడగాలి. మధ్యలో విరామం ఇచ్చినా సరే, రెండో రోజు పూర్తిచేసినా సరే.

ప్రశ్నలో ఏ క్రియ వాడాలన్నదీ చిన్న సంగతి కాదు. మాండరిన్‌లో 'షియాంగ్' అంటే మామూలుగా అనుకోవడం, 'ఈవెయ్' అంటే పొరబడి అనుకోవడం. రెండోది వాడితే చైనా పిల్లలు మెరుగ్గా జవాబిచ్చారని 1999లో లీ, ఓల్సన్, టోరెన్స్ చూపించారు. ఆ మాటే పిల్లకి సగం ఆధారం ఇస్తోంది. నేనైతే ముందు 'షియాంగ్'తో అడిగి, తర్వాత వేరే కథతో 'ఈవెయ్' వాడి అడిగి, రెండు స్కోర్లూ విడిగా రాయమంటాను. రెండో దాంట్లోనే నెగ్గితే ఆ పిల్లకి భాషతో సాయం చేయొచ్చన్న ఆశ ఉంటుంది.

మాటలే అక్కర్లేని, పిల్ల కళ్లు ఎటు చూస్తున్నాయో కొలిచే పద్ధతులు ఆకర్షణీయమే గానీ, వాటి ఫలితాలు మళ్లీ చేస్తే చాలాసార్లు నిలవలేదు.

పెద్ద పరిశోధనలో రెండు గుంపులను పోల్చడానికైతే శాలీ–యాన్ చాలు. ఎదురుగా కూర్చున్న ఒక్క పిల్ల కోసమైతే స్కేలే మేలు, అదీ బీజింగ్ పిల్లల వరుసతో పోల్చి చూసినప్పుడే.