దొరలకు పరిహారమిచ్చి పంపాలా, ఆపుకోవాలా: ఏది మేలు?

అధికారం చేతులు మారేటప్పుడు విదేశీ అధికారుల లెక్క తేల్చడం పెద్ద తలనొప్పి. వాళ్లు ఉద్యోగంలో చేరింది పాత ప్రభుత్వం మాట నమ్మి. కొత్త ప్రభుత్వానికేమో వాళ్ల పని కావాలి, పెత్తనం వద్దు. భారత్, నైజీరియా, హాంకాంగ్‌లలో ఈ లెక్క మూడు రకాలుగా తేలింది.

1947లో మన దగ్గర జరిగింది సూటి బేరం. ఏప్రిల్ 30న ప్రకటించిన షరతుల ప్రకారం వెళ్లిపోయే బ్రిటిష్ ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) అధికారులకు నష్టపరిహారం బ్రిటన్ వంతు, సర్వీసుకు తగ్గ పెన్షన్ భారత్ వంతు. సొంత దేశానికి పనిచేసేవాళ్లకు పరిహారం దేనికని పటేల్ భారతీయ అధికారులకు అది ఒప్పుకోలేదు. బదులుగా వాళ్ల జీతభత్యాలకు హామీ ఇప్పించారు. అదే రాజ్యాంగంలో 314వ అధికరణం. 1972లో 28వ సవరణతో పోయింది. ఈ పద్ధతి మనకు ఎందుకు కుదిరిందంటే, అప్పటికే ఐసీఎస్‌లో దాదాపు సగం మంది మనవాళ్లే. పాకిస్తాన్‌కు ఆ వెసులుబాటు లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పశ్చిమ పంజాబ్‌కు ఫ్రాన్సిస్ ముడీ, వాయవ్య సరిహద్దు రాష్ట్రానికి జార్జ్ కన్నింగ్‌హామ్ అనే బ్రిటిష్ ఐసీఎస్‌లే గవర్నర్లుగా ఉన్నారు.

నైజీరియా కథ వేరు. అక్కడ బ్రిటిష్ అధికారులు ఇంకొన్నాళ్లు ఉండటం అందరికీ అవసరమే. కానీ పరిహారం పట్టిక చూడండి: వయసుతో పాటు మొత్తం పెరుగుతూ పోయి, నలభై ఒకటి దాటాక తగ్గడం మొదలవుతుంది. 41 ఏళ్ల జిల్లా అధికారిని ఊహించుకోండి. పిల్లలు ఇంగ్లండులో బోర్డింగ్ స్కూల్లో. ఈ ఏడాది రాజీనామా చేస్తే గరిష్ఠ పరిహారం. ఇంకో ఏడాది సేవ చేస్తే అందులో కోత. పైగా ఇంగ్లండులో ఇంకో ఉద్యోగం వెతుక్కునే వయసు దాటిపోతుంది. ఎవరు ఆగుతారు? నోటితో ఉండమంటూనే పొగబెట్టినట్టయింది. 1957లో తూర్పు, పశ్చిమ ప్రాంతాలకు స్వపరిపాలన రాగానే రాజీనామాలు వరుసకట్టాయి.

వాళ్లను ఆపడానికి బ్రిటన్ ప్రత్యేక జాబితాలు పెట్టింది. వాటిలో చేరినవాళ్లు బ్రిటన్ ఉద్యోగులుగా ఉంటూ నైజీరియాలో పనిచేస్తారు. మొదట తెచ్చిన ‘ఎ’ జాబితాలో చేరినవాళ్లు తక్కువే. 1958లో ‘బి’ జాబితా వచ్చింది. ఇందులో పరిహారం గరిష్ఠ స్థాయిలోనే నిలిచిపోతుంది, తగ్గదు. అందులో 90 శాతం వడ్డీ లేని అడ్వాన్సుగా ముందే తీసుకోవచ్చు. డబ్బు చేతిలో పడింది, ఉద్యోగమూ ఉంది. ఇక పరుగెత్తాల్సిన పనేముంది?

హాంకాంగ్‌లో భద్రత కాగితం మీదే ఎక్కువ. హాంకాంగ్‌ను చైనాకు అప్పగించడంపై బ్రిటన్, చైనా చేసిన 1984 ఉమ్మడి ప్రకటన ప్రకారం ఏ దేశస్తుడైనా పాత జీతభత్యాలకు తగ్గకుండా కొనసాగవచ్చు, శాఖల అధిపతుల్లాంటి అగ్ర పదవులు మాత్రం విదేశీయులకు దక్కవు. అయితే పెన్షన్ వచ్చేది హాంకాంగ్ డాలర్లలో, రిటైరయ్యాక ఖర్చు పౌండ్లలో. ఆ టెన్షన్ తీర్చడానికి 1996లో బ్రిటన్ చట్టం చేసి పరిహారంతో పాటు పెన్షన్ల పౌండ్ విలువకూ భరోసా ఇచ్చింది.

నా ఓటు ‘బి’ జాబితాకే, కానీ సొంత అధికారులు చాలినంత మంది లేని చోట మాత్రమే. ఉంటే 1947 బేరమే చవక. ఇక ఖర్చు ఎవరిదన్న గొడవ. తమను ఏలినవాళ్లకు పరిహారం కొత్త దేశాలే కట్టడం నాకెప్పుడూ మింగుడుపడదు. 1961లో బ్రిటన్ కొత్త సహాయ పథకం తెచ్చి ఆ పరిహారంలో సగం భరించడానికి ఒప్పుకుంది, అదీ సగమే. ‘బి’ జాబితా కిందికి వచ్చే ప్రతి పోస్టుకూ ఒక గడువు రాసిపెట్టాలి. లేకపోతే కింద ఎదురుచూస్తున్న స్థానికుడి ప్రమోషన్ ఆగిపోతుంది.