ఒడిశాలో రాయగడ, జయపురం వైపు నీలం కొనేవాళ్ళకి హెచ్చరిక

ఏలినాటి శని అని నీలం ఉంగరం చేయించుకుంటున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. రాయగడలో ఒక షాపువాళ్ళు మా బావమరిదికి గాజు నింపిన రాయిని అసలు నీలం అని 38,000 రూపాయలకి అంటగట్టారు.

కంసాలి దగ్గరికి వెళ్తే గానీ సంగతి బయటపడలేదు. మధ్యవేలికి బిగుతుగా ఉందని ఉంగరం సైజు పెంచమన్నాం. ఆయన అతికించి, నలుపు పోవడానికి పల్చటి యాసిడ్‌లో ముంచి తీశాడు. రాయి నిండా తెల్లటి గీతలు తేలాయి. షాపుకి తీసుకెళ్తే "మీ కంసాలే పాడుచేశాడు" అన్నారు. అదెలా కుదురుతుంది? నీలం అంటే కొరండం అనే ఖనిజం, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 10కి 9, గట్టిదనంలో వజ్రం తర్వాత చెప్పుకునే రాయి. ఆ యాసిడ్ దాన్ని ఏమీ చెయ్యదు. అది తిన్నది లోపలి గాజుని. పగుళ్ళతో పనికిరాని కొరండం తీసుకుని, కోబాల్ట్, సీసం కలిపిన గాజుని కరిగించి ఆ పగుళ్ళలోకి ఎక్కిస్తారు. రంగూ మెరుపూ దాంతోనే వస్తాయి.

కాల్చిన నీలం సంగతి వేరు. బజారులో ఉన్నవాటిలో చాలావరకు రంగు తేరడానికి కాల్చినవే. ఆ మాట చెప్పి అమ్మితే పేచీ లేదు. కాల్చని మంచి రాయికి ధర బాగా ఎక్కువ, అందుకే అబద్ధాలూ ఎక్కువ.

కొనేటప్పుడు షాపువాళ్ళు మా ముందు రాయితో గాజు పలక మీద గీసి చూపించారు, పాలలో వేసి "చూడండి, పాలు నీలంగా మారాయి" అన్నారు. రెండూ దండగ పరీక్షలే. గాజు నింపినా పైది కొరండమే కదా, గీత పడుతుంది. ఫ్యాక్టరీలో చేసిన నీలంతోనూ పడుతుంది. పైగా "మన కలహండి గనిది" అన్నారు. కలహండి కెంపులకి పేరున్న మాట నిజమే, ఆ పేరుని ఇలా వాడుకుంటున్నారు.

ఉంగరం మీది హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు. షాపు పేరుతో అచ్చువేసిన కార్డు మీద "న్యాచురల్" అని ఉంటే సరిపోదు, ట్రీట్‌మెంట్ గురించి, అంటే కాల్చారా, గాజు నింపారా అన్నదాని గురించి, ఏం రాశారో చూడండి. మా కార్డులో ఆ గడి ఖాళీ. జీఐఏ, ఐజీఐ లాంటి రత్నాల ల్యాబ్ రిపోర్టు అయితే దాని నంబరుని వాళ్ళ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోవచ్చు. బరువు రత్తీల్లో (పాతకాలపు తూకం) చెబితే ఒప్పుకోకండి. ఒకరి రత్తీ 120 మిల్లీగ్రాములు, ఇంకొకరిది 180. క్యారెట్లలో రాయించండి, క్యారెట్ ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. "సహజ నీలం, గాజు నింపలేదు" అని పక్కా బిల్లు మీద రాయమంటే సగం మంది షాపువాళ్ళు అక్కడే నీళ్ళు నములుతారు.

మాకు అమ్మిన షాపువాళ్ళు డబ్బు వెనక్కి ఇవ్వం, వేరే రాయి ఇస్తాం అంటున్నారు. మాకు వద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. ఇలాంటి కార్డుతో ఎవరైనా నీలం కొని ఉంటే, ల్యాబ్‌లో చూపించే దాకా దాన్ని నిమ్మరసంతో తోమకండి, రాయి ఊడదీయకుండా కంసాలి మంట దగ్గరికి పోనివ్వకండి.