ఇనప మంచె బాగానే ఉంది, పెట్టే చోటే రెండుసార్లు మార్చాను

ముందు లెక్క చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి, చిల్లర తేలందే నాకు మాట మొదలవదు. ఇనప మంచె 17,500 రూపాయలు. గజపతినగరం రోడ్డు నుంచి మా పొలం దాకా ట్రక్కు ఆటో 900. దింపి, మోసి, నిలబెట్టిన నలుగురికి కూలీ, టీ, టిఫిన్లు కలిపి 1,600. మొత్తం 20,000. చేసిచ్చిన వెల్డింగు దుకాణం పేరు మాత్రం రాయను. తప్పులు కూడా చెప్పబోతున్నాను, మనిషి చెడ్డవాడు కాదు.

మా పొలం మెంటాడ మండలంలో, ఆండ్ర రిజర్వాయరుకి పోయే దారిలో ఉంది. 2 ఎకరాల 30 సెంట్లు. పడమట కొండ, ఉత్తరాన కొండ మీంచి దిగే గెడ్డ (వాగు), దక్షిణాన పక్కవాళ్ళ జీడితోట, తూర్పున మట్టిరోడ్డూ మా బోరు షెడ్డూ. నవంబరు మొదట్లో మొక్కజొన్న వేస్తాం. కిందటేడు గింజ పాలు పోసుకునే రోజుల్లో అడివి పందులు దిగి, మూడు రాత్రుల్లో పడమటి వైపు సగం పైగా పడగొట్టేశాయి. తిన్నది కొంచెం, తొక్కింది ఎక్కువ. పంది కంకి కోసం మొక్కని విరిచి, రెండు కొరుకులు కొరికి, పక్క మొక్క మీద పడుతుంది. పెళ్ళిభోజనంలో ఆకు నిండా వడ్డించుకుని వదిలేసేవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

మా నాన్న కాలంలో మంచె కొనడమన్నది లేదు. గెడ్డ ఒడ్డున చింతచెట్టు ఉండేది, దాని పంగలో సరుగుడు కర్రలు కట్టి పైన తాటాకు వేసేవారు. పగలు చిలకలకి వడిసెల, రాత్రి పందులకి డబ్బా మోత. ఆ చెట్టు 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి పడిపోయింది. కర్రలు పాతి కట్టుకుందామంటే రెండో ఏటికి చెదలు. పైగా ఆ ముడులు వేసేవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ నాకంటే ఎక్కువ వయసు. అందుకని ఇనప మంచె అనుకున్నాను.

దుకాణంలో నేను అడిగింది ఇది. 8 అడుగుల ఎత్తులో పలక, 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, కాళ్ళకి 2 అంగుళాల పైపు, పైన రేకు, ఎక్కడానికి నిచ్చెన. వారంలో ఇస్తానన్నాడు, పన్నెండు రోజులకి ఇచ్చాడు. అది పెద్ద మాట కాదు, బస్సు కూడా టైముకి వస్తుందని ఎవడనుకుంటాడు. పొలంలో ఎక్కడ పెడితే బాగుంటుందని అడిగితే, "మీ ఇష్టం గురువుగారూ, నాలుగు కాళ్ళూ నేలకి ఆనితే చాలు" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు ఆరు రాత్రుల నిద్రా, ఏడెనిమిది సెంట్ల పంటా ఖర్చు పెట్టించింది.

మొదట పొలం నడిమధ్యన పెట్టాం. నాలుగు వైపులా కనిపిస్తుందని నా లెక్క. డిసెంబరులో, మొక్క మోకాలెత్తున ఉన్నప్పుడు, ఆ లెక్క బాగానే ఉంది. జింకచర్మం మీద కూచుని తపస్సు చేసేవాడిలా పొలమంతా చూసుకున్నాను. సంక్రాంతి నాటికి మొక్క నా తల దాటిపోయింది. కనుమ వెళ్ళిన నాలుగో రాత్రి పందులు దిగాయి. పటక్, పటక్ అని కాడలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. టార్చి వేస్తే పైన పూత తప్ప ఏమీ కనబడదు. చప్పుడు ఎటు నుంచో కూడా తేలదు. డబ్బా వాయిస్తే ఒక నిమిషం ఆగి మళ్ళీ మొదలు. దిగి వెళ్దామంటే ఆ చీకట్లో, తలెత్తు పంట మధ్యలో, పిల్లలతో ఉన్న పందికి ఎదురుపడేంత ధైర్యం నాకు లేదు. పైగా మంచె దగ్గరకి రోజూ వెళ్ళివచ్చే దారిలో రెండు సాళ్ళు నేనే తొక్కేశాను. పంది కొంత, నేను కొంత.

రెండోసారి బోరు షెడ్డు పక్కకి జరిపించాం. ఇది నా సుఖం కోసం పెట్టిన చోటు, ఒప్పుకుంటాను. మోటారు దగ్గర, రోడ్డు దగ్గర, ఫోను చార్జింగుకి ప్లగ్గు దగ్గర. మా ఇంటావిడ ఫ్లాస్కులో టీ పంపిస్తే చల్లారకుండా అందేది. రెండు రాత్రులు ఏ అలికిడీ లేదు. మూడో తెల్లవారి పడమటి గట్టు వైపు వెళ్ళి చూస్తే అక్కడ పెళ్ళి జరిగిపోయింది. నాకు చప్పుడు కూడా వినబడలేదు.

సరిగ్గా అప్పుడే మా మేనల్లుడు అమెరికా నుంచి వీడియో కాల్ చేశాడు. వాడుండేది మిషిగన్‌లో. వాడి ఆఫీసులో ఒకాయనకి సొంత భూమి ఉంది, అందులో తెల్లతోక జింకల వేటకి చెట్టుకి నిచ్చెన బిగించి, దాని తలమీద కుర్చీ పెట్టుకున్నాడట. "మావయ్యా, నీ మంచె లాంటిదే, కాకపోతే వాళ్ళు దాన్ని పెట్టే చోటు కోసం నెలల తరబడి తిరుగుతారు" అన్నాడు. అక్కడ వాళ్ళకి లైసెన్సు ఉంది, సీజను ఉంది, తుపాకీ సీజను నవంబరు 15న మొదలవుతుందట, నారింజ రంగు బట్ట ఒంటిమీద కనబడాలన్న రూలు కూడా ఉంది. మనకి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. జింక సంగతి సరే, అనుమతి లేకుండా పందిని చంపినా కేసే. అయినా వాడు చెప్పిన మాటల్లో ఒకటి చెవిలో ఉండిపోయింది. జింక నడిచే దారి ముందు పట్టుకోవాలి, ఆ తర్వాత గాలి చూసుకోవాలి. జింక వైపు నుంచి మన వైపు గాలి వీస్తే మన వాసన దానికి తెలియదు. అలాంటి చోటే కుర్చీకి మంచి చోటు.

నేను బోరు షెడ్డు పక్కన మంచెక్కి అగరుబత్తి వెలిగించాను. దేవుడికి కాదు. రాత్రి తొమ్మిదికి పొగ కొండ వైపు నుంచి నా మీదుగా రోడ్డు వైపు పోతోంది. పదింటికీ అంతే, పన్నెండింటికీ అంతే. అంటే కొండ మీంచి దిగే పందికి నా వాసన అందే దారే లేదు. వేటగాడికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. నేను వేటగాణ్ణి కాదు, కాపలావాణ్ణి! నేనున్నానని పందికి తెలియాలి. అమెరికా రూలుని తిరగేసి చదువుకోవాలన్నమాట.

మర్నాడు గూడెంలో ఉండే తాతని తీసుకొచ్చాను. ఆయనకి పందుల దారులు మా డిపోలో నాకు రూట్లు తెలిసినట్టు తెలుసు. అగరుబత్తి సంగతి చెబితే నవ్వాడు. "గాలి రాత్రి కొండ దిగుతాది బాబూ, ఎండెక్కాక కొండెక్కుతాది. దానికి ఊదొత్తులెందుకు" అన్నాడు. చలికాలం, మబ్బులేని రాత్రి, కొండమీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. మేనల్లుడు చెప్పినదాంట్లోనూ ఇదే ఉంది, వాడు దానికి ఇంగ్లీషులో ఒక పేరు పెట్టాడంతే.

తాతా నేనూ మూడు రోజులు పొద్దున్నే గెడ్డ వెంట తిరిగాం. మంచు ఆరకముందు, ఎవరూ నడవకముందు చూడాలి. పంది అడుగులో ముందు రెండు గిట్టలు వెడల్పుగా పడి, మెత్తటి నేలలో వాటి వెనక రెండు చిన్న గుర్తులు పక్కలకి పడతాయి. మేక అడుగుకీ దీనికీ తేడా అలా తెలిసింది. గెడ్డలో ఒకచోట బురదలో పొర్లిన గుంట ఉంది. దాని పక్క చెట్టు మొదలుకి మోకాలెత్తున బురద పూసి ఉంది, దురద తీర్చుకున్నాయి. అక్కడ నుంచి దారి గెడ్డ వెంట దిగి, మా పొలం వాయవ్య మూలన గట్టు కాస్త విరిగినచోట లోపలికి వస్తోంది. మూడు రోజులూ అదే గండి. ఇంత పొలానికి వాకిలి అదొక్కటే.

మూడోచోటు అలా తేలింది. వాయవ్య మూల, గట్టు లోపల మా పట్టా భూమిలోనే. గట్టు దాటితే ఫారెస్టు వాళ్ళ రాళ్ళు మొదలవుతాయి. గండికి సరిగ్గా ఎదురుగా పెడదామంటే తాత ఒప్పుకోలేదు. పంది బెదిరితే వచ్చిన దారినే వెనక్కి పోవాలనుకుంటుంది, ఆ దారి మూస్తే మీదికొస్తుంది అన్నాడు. అందుకని పదిహేను అడుగులు పక్కకి జరిపాం. అక్కడ కూచుంటే టార్చి వెలుగు ఒకవైపు గెడ్డ వెంట, ఒకవైపు పడమటి గట్టు వెంట తిన్నగా పోతుంది. పంట లోపలికి చూడక్కర్లేదు. అంచు కనబడితే చాలు.

వాసన సంగతి మిగిలింది. గాలి కొండ దిగుతూనే ఉంటుంది కాబట్టి మంచె మీద నా వాసన పైకి పోదు. దాన్ని నేనే మోసుకెళ్ళాను. వేటకెళ్ళేవాడు జింక నడిచే దారిలో అడుగు వెయ్యకుండా చుట్టూ తిరిగి వెళతాడట. నేను రోజూ సాయంత్రం అయిదింటికి పంది దారిలోనే కాళ్ళీడ్చుకుంటూ గెడ్డ లోపలికి ఇరవై అడుగులు నడిచి వచ్చేవాణ్ణి. చెమట పట్టిన బనియన్లు తుప్పలకి కట్టాను. మంగలి షాపులో జుట్టు ఒక సంచీ అడిగి తెచ్చి గట్టు పొడుగునా చల్లాను. నాలుగు రోజులకోసారి బనియన్లు మార్చాలి, లేకపోతే వాటికి అలవాటైపోతుంది. మా ఇంటావిడ ఈ ఉతుకుళ్ళ తగ్గుదలకి సంతోషించింది, బనియన్లు తిరిగి ఇంటికొచ్చే దాకా.

ఫలితం? ఆ మూలకి మార్చాక పంటకోత దాకా మూడుసార్లే దిగాయి. రెండుసార్లు గండి దగ్గరే ఆగి, డబ్బా మోతకి వెనక్కి పోయాయి. ఒకసారి మాత్రం జీడితోట వైపు నుంచి దూరి రెండు సాళ్ళు పాడుచేశాయి. ఆ వైపు పాత చీరలు కడితే సరిపోయేది, బద్ధకించాను. పగటిపూట కోతుల సంగతి నన్నడక్కండి.

ఇక మంచె సంగతి. పలక గట్టిగా ఉంది, ముగ్గురం ఎక్కినా కుంగలేదు. వెల్డింగు ఎక్కడా వదల్లేదు. పొడుగు సరిగ్గా ఉంది, కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. నలుగురు పట్టుకుంటే విప్పకుండానే జరపొచ్చు. రెండుసార్లు జరిపినవాణ్ణి, ఇది రాసివ్వగలను.

తప్పులు ఇవి. 2 అంగుళాల పైపన్నాడు, ఇంటికొచ్చాక టేపు పెడితే ఒకటిన్నర. ఫోను చేస్తే "అది లోపలి కొలత గురువుగారూ" అన్నాడు. లోపల కొలిస్తే ఇంకా తక్కువే వస్తుందని నేను చెప్పాక, అడ్డంగా రెండు యాంగ్లర్లు ఉచితంగా వేసిచ్చాడు. ఊగుడు తగ్గింది. కాళ్ళ కింద ప్లేట్లు లేవు, తడిపిన నేలలో ఒక కాలు జానెడు దిగబడి మంచె ఒరిగింది. కింద చపటా రాళ్ళు పెట్టి, నాలుగు వైపులా మేకులు కొట్టి తాళ్ళతో లాగి కట్టాను. నిచ్చెన మెట్లు నున్నటి గుండ్రటి పైపులు, మంచు పడితే సబ్బు రాసినట్టే. పాత సైకిలు ట్యూబు చుట్టాను. రేకు చలికి ఐసుగడ్డ, తెల్లవారుజామున దాని నుంచి మంచునీళ్ళు మెడ మీద పడతాయి. తీసేసి తాటాకు వేశాను, మళ్ళీ నాన్న మంచెకే వచ్చాం. అడ్డకమ్మి మూడు వైపులే పెట్టాడు, నిచ్చెన వైపు వదిలేశాడు. నిద్ర ముంచుకొచ్చేది సరిగ్గా ఆ వైపుకే. జింకల వేటలో గాయాలకి పెద్ద కారణం కుర్చీ మీంచి పడటమేనని, అందుకే ఒంటినంతా పట్టి ఉంచే బెల్టు కట్టుకుంటారని మేనల్లుడు చెప్పాడు. నేను కల్లుగీత మోకు ఒకటి అడిగి తెచ్చుకుని నడుముకి కట్టుకున్నాను. మొదట్లో సిగ్గేసింది, రెండో రాత్రి కునుకులో పక్కకి ఒరిగి మోకు లాగి ఆపాక సిగ్గు పోయింది. వానాకాలం పంటకి కూడా వాడదామనుకునేవాళ్ళకి ఒక మాట, మెరుపు కనబడితే ఇనప మంచె మీద క్షణం కూడా ఉండకూడదు. దిగి ఇంటికి పొండి, పంట పోతే పోయింది.

మధ్యలో ఫారెస్టు గార్డుగారు ఒకసారి మంచె చూసి ఆగారు. వేట మంచేమో అని అనుమానం. పైకెక్కించి డబ్బా, టార్చి, ఫ్లాస్కు చూపించాను. ఉచ్చులూ కరెంటు తీగలూ లేవని గట్టు పొడుగునా నడిచి చూసుకుని వెళ్ళారు. కరెంటు తీగ పెడితే పంది కంటే ముందు నీళ్ళు కట్టడానికొచ్చే మనిషి పోతాడు, ఆ పాపం ఎవరికీ వద్దు.

మార్కులంటే దుకాణానికి అయిదుకి మూడు. జీడితోట వాళ్ళు ఈ ఏడు తమకీ ఒకటి కావాలని నన్ను తోడు రమ్మన్నారు. వెళ్తాను, అదే దుకాణానికి. కాళ్ళకి ప్లేట్లు, మెట్లకి గరుకు కమ్మి, నాలుగో వైపు అడ్డకమ్మి అని కాగితం మీద రాసి ఇచ్చాను వాళ్ళకి. టేపు నేను తెస్తానన్నాను.