స్టాష్‌లోంచి తీసివ్వడమా, కొత్తది కొనివ్వడమా? తోటి క్విల్టర్లకు గుడ్డ ఇచ్చేటప్పుడు ఏది మేలు

అమెరికాలో క్విల్టింగ్, అంటే గుడ్డ ముక్కలు కలిపి పొరలుగా బొంతలా కుట్టే పని, మొదలుపెట్టిన వాళ్ళెవరికైనా ఏడాది, రెండేళ్ళు తిరిగేసరికి అలమరలో ఒక అర మొత్తం గుడ్డలతో నిండిపోతుంది. దాన్నే స్టాష్ అంటారు. కుట్టే వేగం కన్నా కొనే వేగం ఎప్పుడూ ఎక్కువే కాబట్టి అది పెరగడమే గానీ తరగడం ఉండదు. బతికున్నన్నాళ్ళు కుట్టినా అవ్వని స్టాష్‌కి అక్కడివాళ్ళు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపి ‘సేబుల్’ అని సరదా పేరు కూడా పెట్టుకున్నారు. ఇంతలో గిల్డ్‌లో, అంటే ఊళ్ళో క్విల్టర్ల సంఘంలో, ఎవరిదో పుట్టినరోజు వస్తుంది. డిసెంబరులో గిఫ్టులు ఇచ్చిపుచ్చుకునే మీటింగ్ వస్తుంది. అలమర తెరిచి ఓ ముక్క తీసివ్వాలా, షాపుకెళ్ళి కొత్తది కొనాలా, గిఫ్ట్ కార్డు చేతిలో పెట్టి ఊరుకోవాలా?

మొదటి దారి అంటే మనవాళ్ళకు కాస్త నామోషీ. తప్పంతా జాకెట్ ముక్కలది. పేరంటానికి వెళ్తే బొట్టు పెట్టి, పండూ తాంబూలంతో చేతిలో పెట్టే జాకెట్ ముక్క ఎన్ని ఇళ్ళు తిరిగొచ్చిందో ఎవరికీ తెలీదు. రంగు మనది కాదు, గుడ్డ కుట్టించుకునేలా ఉండదు, అయినా తీసుకుని బీరువాలో పెట్టి వచ్చే శ్రావణమాసానికి ఇంకొకరికి అంటగడతాం. ఇంట్లో ఉన్న గుడ్డ తీసివ్వడం అంటే మన మనసులో మెదిలేది అదే.

క్విల్టర్ల దగ్గర లెక్క వేరు. స్టాష్‌లో గుడ్డ ఒకరు వాడి వదిలేసింది కాదు. ముచ్చటపడి కొని, మడతపెట్టి, దేనికి వాడాలో తేలక దాచుకున్నది. అందులోంచి ఒకటి తీసి ఇచ్చారంటే మీకు ఇష్టమైన దాంట్లో వాటా ఇచ్చినట్టే. అనుభవం ఉన్న క్విల్టర్‌కి స్టాష్‌లోంచి ఏరి ఇచ్చిన ముక్కే మేలని నేనంటాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు షాపు నుంచి కొన్నది మేలు, ఒక్క మినహాయింపుతో. గిఫ్ట్ కార్డు ఎదుటి మనిషి అభిరుచి బొత్తిగా తెలియనప్పుడు. అయితే స్టాష్ గుడ్డ అంత మేలు కావాలంటే ఇచ్చే తీరు తెలిసుండాలి.

షాపులో దొరకనిది

గుడ్డల కంపెనీలు ప్రింట్లను కలెక్షన్లుగా వదులుతాయి. చాలావాటిని ఒకసారి వేసి ఆపేస్తాయి. కొన్ని నెలల్లో షాపుల్లో సరుకు అయిపోతే ఇక అంతే. సాదా రంగులు, సన్న చుక్కలు, తెలుపు మీద తెలుపు లాంటి బేసిక్స్ మాత్రం ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి. కాబట్టి బేసిక్స్ ఇవ్వదలిస్తే కొనొచ్చు. అచ్చు ఆగిపోయిన ప్రింటు మాత్రం ఎవరి అలమరలోనో ఉండాల్సిందే.

స్నేహితురాలు క్విల్ట్ పైభాగమంతా కుట్టేసి, బార్డర్‌కి అర గజం తక్కువై ఆరు నెలలుగా పక్కన పెట్టేసిందనుకోండి. అదే ప్రింటు మీ దగ్గర ఉందని తెలిసిన రోజున తీసిచ్చే అర గజానికి ఏ గిఫ్ట్ కార్డూ సాటి రాదు. ఇలాంటప్పుడు గుడ్డ అంచు కత్తిరించకండి. సెల్వెడ్జ్ అనే ఆ అంచు మీద కంపెనీ పేరు, డిజైనర్ పేరు, వాడిన రంగుల చుక్కలు అచ్చయి ఉంటాయి. ఇంకా కావాల్సొస్తే ఆమె వెతుక్కోవడానికి అదే ఆధారం. ఆ చుక్కల్ని చూసుకుంటూ జతకి సాదా రంగులు కూడా ఎంచుకోవచ్చు.

ధర సంగతీ ఉంది. మంచి క్విల్టింగ్ కాటన్ ఇప్పుడు గజం 12 నుంచి 14 డాలర్ల దాకా పలుకుతోంది. పైగా 2025లో జోఆన్ అనే పెద్ద గుడ్డల కంపెనీ షాపులన్నీ మూతపడ్డాక చాలా ఊళ్ళలో గుడ్డ చేత్తో పట్టుకుని చూసి కొనే వీలే తగ్గింది. స్క్రీన్ మీద చూసిన నెమలికంఠం రంగూ ఇంటికొచ్చిన రంగూ ఒకటిగా ఉండవు. మీరు తాకి, చూసి, నచ్చి కొన్న గుడ్డకి అందుకే విలువ పెరిగింది.

చెప్పి ఇవ్వాల్సినవి

షాపు గుడ్డకి ఉన్న పెద్ద సుగుణం, అదేమిటో తెలియడం. నూరు శాతం కాటన్, ఉతకనిది, వాసన లేనిది. స్టాష్ గుడ్డ దగ్గర ఇవన్నీ మీరు చెప్తేనే తెలుస్తాయి. ఒక చీటీ మీద మూడు ముక్కలు రాసి పిన్ను పెడితే చాలు: ఉతికారా లేదా, కాటనేనా, రంగు దిగే అనుమానం ఉందా.

ఉతికారా లేదా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. కాటన్ మొదటి ఉతుకులో కొంత కురచవుతుంది. ఉతికిన ముక్కా ఉతకని ముక్కా పక్కపక్కన కుడితే, క్విల్ట్ అయ్యాక ఉతికినప్పుడు ఒకటి లాగుతుంది, ఒకటి లాగదు. కొందరు కొన్న ప్రతి గుడ్డా ముందే ఉతికి పెట్టుకుంటారు. కొందరు ఉతికితే గుడ్డ బిరుసు పోయి కత్తిరింపు సరిగ్గా రాదని అస్సలు తడపరు. ఎవరిది ఒప్పన్న వాదన ఏ గిల్డ్‌లోనూ తేలదు. ఇచ్చేటప్పుడు ఆ వాదనలోకి దిగకుండా ఉన్నది చెప్తే సరి.

కాటనో పాలియెస్టర్ కలిసిందో అనుమానంగా ఉంటే అంచు నుంచి రెండు పోగులు లాగి వెలిగించి చూడండి. కాటన్ కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి గుండులా ముడుచుకుంటుంది. గుండు కట్టిందంటే అది క్విల్టర్‌కి ఇచ్చే గుడ్డ కాదు, సంచి కుట్టుకోవచ్చు.

ఇక వాసన. సిగరెట్ పొగ, పెర్‌ఫ్యూమ్, పిల్లి బొచ్చు పడనివాళ్ళు అక్కడ చాలామందే ఉంటారు. ఇంట్లో పిల్లి ఉంటే ముందే చెప్పడం మర్యాద కింద లెక్క. మన ఇళ్ళ సంగతి చెప్పాలంటే, ఇంగువ పోపు వాసన మనకు తెలియకుండానే గుడ్డ పట్టేస్తుంది. ఇండియా నుంచి తెచ్చినవైతే నాఫ్తలీన్ ఉండల వాసన కూడా తోడు. రెండు రోజులు గాలికి ఆరేసి ఇవ్వండి.

మన కాటన్లు ఇస్తే

ఇది నాకు ఇష్టమైన భాగం కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను. గిల్డ్‌లో తెలుగు మనిషి ఒక్కరే ఉన్నారనుకోండి. ఆమె స్టాష్‌లో పెడన కలంకారీ, పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి కాటన్ ఉంటాయి. మిగతావాళ్ళెవరి దగ్గరా ఉండవు. అలాంటి ఒక అర గజం ముందు షాపులో కొన్న గుడ్డ వెలవెలబోతుంది.

దీని వెనక చరిత్ర కూడా ఉంది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో వెళ్ళిన అద్దకం గుడ్డలకు యూరప్ ఎంత వెర్రెత్తిపోయిందంటే, అక్కడి నేతగాళ్ళ గోల భరించలేక ఫ్రాన్స్ 1686లో వాటి దిగుమతిని, ఇంగ్లండ్ 1721లో ఏకంగా వాడకాన్నే కట్టడి చేశాయి. చింట్జ్ అనే ఆ గుడ్డ అంత ఖరీదైంది కాబట్టి అక్కడి ఆడవాళ్ళు అందులోని పువ్వుల్ని, పిట్టల్ని ఒక్కొక్కటిగా కత్తిరించి తెల్ల కాటన్ మీద అతికి కుట్టుకునేవారు. బ్రోడరీ పెర్స్ అనే ఆ పద్ధతి క్విల్టర్లకు ఇప్పటికీ తెలుసు. కలంకారీ ముక్క ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి, కత్తెర పెట్టడానికి చెయ్యి రాక పుచ్చుకున్నామె దాన్ని తన స్టాష్‌లో అడుగున దాచుకుంటుంది!

కానీ చీటీలో రాయాల్సింది ఇక్కడే ఎక్కువ. కలంకారీలో ఎరుపు, నలుపు, ఇండిగో నీలం దిగే అవకాశం ఉంది. క్విల్ట్‌లో కలిపి కుట్టే చదరాలైన బ్లాకులు తెల్లవైతే, వాటి పక్కన ఎర్ర కలంకారీ కుట్టి ఉతికితే ఆమె కష్టమంతా గులాబీ రంగు నీళ్ళ పాలవుతుంది. చేనేత గుడ్డ నేత క్విల్టింగ్ కాటన్ కన్నా వదులు, అంచుల దగ్గర పోగులు ఊడతాయి. వీటిని మాత్రం మీరే ఉతికి, రంగు దిగడం ఆగాక, ఇస్త్రీ చేసి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. జరీ అంచుంటే తీసేయండి. ఆమెను అడగనవసరం లేదు.

టూ బై టూ రూబియా జాకెట్ ముక్కలు ఇవ్వొచ్చా అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. కాటన్ రూబియా అయితే పల్చగా, మెత్తగా ఉంటుంది, చేతికుట్టు అప్లికేకి, అంటే బొమ్మలు కత్తిరించి ఇంకో గుడ్డ మీద అతికి కుట్టడానికి, బాగుంటుంది. ఆ పని చేసేవాళ్ళకే ఇవ్వండి. పేరంటాల్లో వచ్చిన పాలియెస్టర్ ముక్కల్ని అమెరికా వాళ్ళ మీదకి కూడా తోలకండి.

పాత చీరల సంగతి వేరు. మన బొంతలకు పాత చీర, పాత పంచె ఎంత మెత్తబడితే అంత మేలు. పసిబిడ్డ పొత్తిగుడ్డలకూ అంతే. అమెరికాలోనూ ఆ దారి ఉంది. అలబామాలో జీస్ బెండ్ అనే ఊళ్ళో నల్లజాతి స్త్రీలు పొలంలో తొడిగి అరిగిపోయిన ప్యాంట్లతో, 1972లో సియర్స్ కంపెనీకి దిండు కవర్లు కుట్టగా మిగిలిన కార్డురాయ్ ముక్కలతో కుట్టిన క్విల్టులు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. అయితే అవి ఎవరింట్లో గుడ్డలు వాళ్ళు కుట్టుకున్నవి. మీరు కట్టి విడిచిన చీరను తోటి క్విల్టర్‌కి అడగకుండా ఇవ్వడం నాకు నచ్చదు. అడిగితే సంతోషంగా ఇవ్వండి.

ముక్క ఎంత ఉండాలి

ఫ్యాట్ క్వార్టర్, అంటే 18 అంగుళాలకు 22 అంగుళాలు, అందరూ ఒప్పుకున్న కొలత. పావు గజమే అయినా పొడుగ్గా 9 అంగుళాల పట్టీలా కాకుండా వెడల్పుగా ఉంటుంది కాబట్టి పెద్ద బ్లాకులకూ పనికొస్తుంది. పెద్ద పువ్వుల ప్రింటైతే అర గజం ఇవ్వండి, లేకపోతే పువ్వు సగంలో తెగుతుంది.

అరచేతి వెడల్పు కూడా లేని కత్తిరింపుల్ని అడిగినవాళ్ళకే ఇవ్వాలి. స్క్రాప్ క్విల్టులు కుట్టేవాళ్ళు వాటిని బంగారంలా చూసుకుంటారు. మిగతావాళ్ళకు అది చెత్తబుట్ట బరువు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి

వీళ్ళకు మీ స్టాష్ అంత రుచించదు. పదేళ్ళ నాటి మీ గోధుమరంగు ప్రింట్లు మీ అభిరుచి. వాళ్ళది ఇంకా తయారవుతోంది. ఒక కలెక్షన్‌లోంచి ముందే కత్తిరించి అమ్మే 5 అంగుళాల చదరాలో, 10 అంగుళాల చదరాలో కొనిస్తే రంగులు కుదురుతాయో లేదో అన్న టెన్షన్ లేకుండా పని మొదలుపెడతారు.

నేను పైన చెప్పిన మినహాయింపు బ్యాకింగ్, అంటే క్విల్ట్ వెనక వేసే గుడ్డ. పైభాగం కుట్టేసిన కొత్తవాళ్ళందరూ ఆగిపోయేది అక్కడే. 60 అంగుళాలకు 72 అంగుళాల మామూలు క్విల్ట్ వెనక్కి దాదాపు 4 గజాలు కావాలి, అంటే ఎవరూ చూడని వైపుకి 50 డాలర్లు. మీ దగ్గర ఒకే గుడ్డ అంత పొడుగున పడుంటే, అది మీకిప్పుడు నచ్చకపోయినా, వాళ్ళకు అంతకన్నా పనికొచ్చేది ఇంకోటి లేదు. ‘పద్మా, వెనక వేసుకోవడానికి పనికొస్తుందేమో చూడు, నచ్చకపోతే మొహమాటపడకుండా చెప్పు’ అని ఇస్తే సరిపోతుంది.

ఒక్క ముక్కా, పెట్టె నిండానా

ఇల్లు మారుతున్నప్పుడు, చిన్న ఇంటికి వెళ్తున్నప్పుడు పెట్టెలకు పెట్టెలు వదిలించుకోవాల్సి వస్తుంది. అది ఇవ్వడం కాదు, ఖాళీ చేసుకోవడం. అందులో తప్పేమీ లేదు, గిఫ్టు కాగితం చుట్టకపోతే చాలు. స్నేహితుల్ని పిలిచి ‘కావాల్సినవి ఏరుకోండి’ అనండి. మిగిలినవి గిల్డ్‌లో ఫ్రీ టేబుల్ మీద పెట్టండి, లేదా ప్రాజెక్ట్ లైనస్ లాగా పిల్లలకు దుప్పట్లు కుట్టిచ్చేవాళ్ళకు ఇవ్వండి. పెట్టె మొత్తం ఒకరి గుమ్మంలో దింపి వచ్చేస్తే ఆ సర్దే పని వాళ్ళ నెత్తిన పడుతుంది.

ఇచ్చాక దాని మీద మీకు హక్కు లేదు. ‘ఆ నీలం గుడ్డ ఏం చేశావు?’ అని నెల నెలా అడగడం అప్పిచ్చినవాళ్ళ పద్ధతి. ఆమె దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు, కుక్క పరుపుకి వేయొచ్చు. పుచ్చుకున్నవాళ్ళు కూడా తాంబూలానికి తాంబూలం అన్నట్టు వెంటనే బదులివ్వాలని కంగారు పడక్కర్లేదు. ఒక ఫొటో పంపితే చాలు. ఊరికే ఇచ్చిన గుడ్డను అమ్మకానికి పెట్టాలనుకుంటే మాత్రం ఇచ్చినవాళ్ళని ఒక మాట అడగాలి.

స్వాప్ అయితే

స్వాప్ అంటే గుడ్డ ముక్కలు ఒకరితో ఒకరు మార్చుకోవడం. ఇచ్చిపుచ్చుకోవడం క్విల్టర్లకు పాత అలవాటే. 1930ల్లో అక్కడ పిండి, దాణా పువ్వుల ప్రింటు సంచుల్లో వచ్చేది. ఒక గౌనుకి ఒకే ప్రింటు సంచులు రెండు మూడు కావాలి కాబట్టి ఆడవాళ్ళు ఇరుగుపొరుగుతో మార్చుకునేవారు. ఇప్పటి స్వాపులకు రాతపూర్వకంగా రూల్స్ ఉంటాయి: క్విల్ట్ షాపు నాణ్యత కాటన్, ఇంత కొలత, ఉతకకూడదు లేదా ఉతికే పంపాలి.

ఇక్కడ స్టాషా షాపా అన్న ప్రశ్నకి నా జవాబు మారుతుంది. ఎవరికి వెళ్తుందో తెలియని ముక్కకి మీ చీటీ, మీ మాట తోడు వెళ్ళవు. కాబట్టి కొన్నప్పటి వివరాలు ఖచ్చితంగా తెలిసిన గుడ్డ స్టాష్‌లో ఉంటేనే అందులోంచి కత్తిరించండి, లేదంటే కొనండి. రెండూ కుదరకపోతే ఆ నెల స్వాప్‌కి పేరివ్వకపోవడమే నయం.