మహానాడు ప్రత్యక్ష ప్రసారం: క్రియ లేని వార్త

2025 మే 27 నుంచి 29 వరకు తెలుగుదేశం పార్టీ మహానాడు మా కడప శివార్లలో జరిగింది. మే నెల ఎండకు జడిసి నేను సభకు వెళ్లలేదు. మా కేబుల్‌లో వచ్చే ఒక తెలుగు వార్తా ఛానల్ ప్రసారాన్నే మూడు రోజులూ చూశాను. ఈ సమీక్ష ఆ ప్రసారం గురించే గాని పార్టీ గురించి కాదు. బొమ్మ, శబ్దం బాగానే ఉన్నాయి.

మొదటి రోజు ప్రసంగంలో చంద్రబాబు నాయుడు డిజిటల్ కరెన్సీ ప్రస్తావన తెచ్చి, 500 రూపాయల నోటుతో సహా పెద్ద నోట్లన్నింటినీ రద్దు చేయాలని కోరారు. అది ముఖ్యమంత్రి చేతిలో ఉన్న పని కాదు, కేంద్రం నిర్ణయించవలసింది. కాసేపటికే తెర అడుగున '500 నోట్లు రద్దు' అనే ఎర్రపట్టీ పరుగెత్తడం మొదలైంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కనుక, ఆ చివరి మాటను కోసేస్తే కోరికకూ ఉత్తర్వుకూ తేడా మిగలదు. మరునాడు పొద్దున మా వీధి అంగడాయన "ఏం సామీ, ఐదు నూర్ల నోటు చెల్లదంట గదా?" అని నన్ను అడిగాడు. 2016 నవంబరు 8 తరువాత బ్యాంకు ముందు వరుసలో నిలబడిన మనిషి ఆయన. భయపడ్డాడంటే తప్పు ఆయనది కాదు.

లోకేశ్ ప్రకటించిన ఆరు శాసనాల (అంటే పార్టీ పాటించవలసిన ఆరు సూత్రాల) పేర్లను ఒక పలకలాగా చూపించి, వాటి వివరణ సాగుతుండగానే ఛానల్ వారు చర్చలోకి వెళ్లిపోయారు. నాలుగు కిటికీల్లో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే, మూలనున్న చిన్న పెట్టెలో వక్త పెదవులు మాత్రం కదులుతూ కనిపించాయి. వంటశాలకు మాత్రం కావలసినంత సమయం దొరికింది. (అది నేనూ కన్నార్పకుండా చూశానని ఒప్పుకోవాలి.) 'జగన్ ఇలాకాలో' అన్న మాట లెక్కలేనన్నిసార్లు వినిపించింది గాని, ఉమ్మడి కడప జిల్లాలోని 10 స్థానాలనూ 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచిందనీ, 2024లో వాటిలో 7 కూటమికి వచ్చాయనీ నేను చూసినంతసేపు ఎవరూ చెప్పలేదు. సభను ఇక్కడ ఎందుకు పెట్టారో ఆ రెండు అంకెలు చెబితే సగం అర్థమయ్యేది.

ప్రసంగం పూర్తిగా వినాలంటే పార్టీ వారి యూట్యూబ్ ప్రసారమే మేలనిపించింది. వెనక్కి జరుపుకొని మళ్లీ వినవచ్చు. అయితే అది వారి సొంత కెమెరా, ఖాళీ కుర్చీల వైపు తిరగదు. నోట్ల వార్తలో 'కోరారు' అన్న క్రియను మాత్రం మరునాటి దినపత్రికలోనే చూశాను.

నెలాఖరున కేబుల్ అబ్బాయి చందాకు వచ్చినప్పుడు ఆ ఛానల్‌ను తీసేయమన్నాను. అది ఉచితంగా వచ్చేదేనని, తీసినా రూపాయి తగ్గదని చెప్పి రసీదు చేతిలో పెట్టాడు.